పాత రాతి డ్యామును ఎట్లా పరీక్ష చేస్తారు?



మనిషి ముసలోడయితే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. డాక్టరు నాడి పట్టి చూస్తాడు, నాలుక చూస్తాడు, ఛాతీ మీద గొట్టం పెట్టి వింటాడు, చీటీలో రాస్తాడు. మరి డ్యాము ముసలిదయితే ఎవరు చూస్తారు? ఏమేం చూస్తారు?

ఈ సంగతి మనకెందుకు అని మీరు అనవచ్చు. మన బడిలో చదివే పిల్లల్లో చానామంది ఊళ్లు నీళ్ల పక్కనే ఉన్నాయి. కొందరివి డ్యాము పైన, కొందరివి డ్యాము కింద. మా చిన్నాయన వాళ్లు సాగర్ డ్యాము కింద కృష్ణలో వలలు వేసి చేపలు పడతారు. పైన ఉన్న గోడ గట్టిగుంటేనే కింద ఉన్నోళ్లు నిద్రపోతారు. అందుకే ఇది మన సంగతే.

నేను రాసేదంతా నా సొంత తెలివి కాదు. కొంత మన ఫిజిక్స్ సారు చెప్పిన్రు. కొంత, డ్యాముల మీద పనిచేసి రిటైరైన ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు తాత మన బడికి వచ్చినప్పుడు చెప్పిండు. కొంత పుస్తకాల్లో చదివి రాసిన.

రాతి డ్యాము ఎట్లా నిలబడుతుంది?

మట్టికట్ట వేరు, రాతి డ్యాము వేరు. రాళ్లను పేర్చి మధ్యలో సున్నంగాని సిమెంటుగాని పెట్టి కట్టింది రాతి డ్యాము. మన నాగార్జునసాగర్ అట్లాంటిదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు దానికి పునాదిరాయి వేసిన్రు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలిన్రు. నదికి అడ్డంగా ఉన్న రాతి డ్యాము పొడవు 1,450 మీటర్లు. దానికి రెండు పక్కలా మట్టికట్టలున్నాయి. అన్నిటికంటే లోతైన పునాది నుంచి చూస్తే ఎత్తు సుమారు 125 మీటర్లు. అంటే దగ్గర దగ్గర 40 అంతస్తుల మేడ. మిషన్లు తక్కువగా ఉన్న కాలంలో వేలమంది కూలీలు కర్ర పరంజాల మీదికెక్కి, రాళ్లు మోసి కట్టిన డ్యాము అది.

ఇంత పెద్ద గోడను నీళ్లు ఎందుకు తోసెయ్యలేవు? ఎందుకంటే గోడ బరువు. ఒక ఘనపు మీటరు నీళ్లు 1 టన్ను తూగుతాయి. అంతే రాతి కట్టడం 2 టన్నుల కంటే ఎక్కువ తూగుతుంది. నీళ్లు పక్క నుంచి తోస్తుంటే డ్యాము తన బరువుతో కిందికి అదిమి కూర్చుంటుంది. పెద్ద గుండును చిన్నపిల్లాడు తోసినట్టే.

కాని నీళ్లు లోతు పెరిగిన కొద్దీ గట్టిగా తోస్తాయి. 10 మీటర్ల లోతులో ఒక చదరపు మీటరు గోడ మీద 10 టన్నుల తోపు ఉంటుంది. 100 మీటర్ల లోతులో 100 టన్నులు. అందుకే డ్యాము పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉంటుంది. పక్క నుంచి కోసి చూస్తే త్రిభుజం లాగా కనపడుతుంది.

ఇట్లాంటి డ్యాము చెడిపోతే మూడు రకాలుగా పడుతుంది. ఒకటి, ముందుకు బోర్లా పడడం. రెండు, పునాది మీద జారిపోవడం. మూడు, మధ్యలో పగలడం. పరీక్ష చేసేటోళ్లు ఏ మూల చూసినా ఈ మూడిట్లో ఏదన్నా మొదలయిందా అనే చూస్తారు.

కిందికి దూరిన నీళ్లు ఏం చేస్తాయి?

బావిలో నుంచి బిందె చేదేటప్పుడు మీరు గమనించిన్రా? బిందె నీళ్లలో ఉన్నంతసేపు తేలికగా ఉంటుంది. నీళ్ల పైకి రాగానే బరువవుతుంది. నీళ్లు బిందెను కింది నుంచి పైకి ఎత్తుతాయి కాబట్టి అట్లా అవుతుంది. ఫిజిక్స్‌లో ఆర్కిమెడిస్ సూత్రం అని చదువుకున్నాం కదా, అదే.

డ్యాముకు కూడా ఇదే జరుగుతుంది. పునాది రాతిలో పగుళ్లుంటే వాటిల్లోకి నీళ్లు దూరి డ్యామును కింది నుంచి పైకి ఎత్తుతాయి. డ్యాము ఎక్కడికీ పోదు, కాని దాని బరువులో కొంత పనికిరాకుండా పోతుంది. బరువు మీద బతికే డ్యాముకు బరువు తగ్గితే ఇంకేముంది?

పాతకాలం ఇంజనీర్లకు ఈ సంగతి సరిగ్గా పట్టలేదు. ఫ్రాన్సు దేశంలో బూజే అనే రాతి డ్యాము ఉండేది. 1884లో దాంట్లో కొంత భాగం ఒక అడుగు కంటే ఎక్కువ ముందుకు జరిగింది. కారే నీళ్లు కూడా పెరిగినయి. రిపేరు చేసి మళ్లీ నీళ్లు నింపిన్రు. 1895 ఏప్రిల్ 27న అది పగిలిపోయింది. 80 మందికి పైగా చనిపోయిన్రు. ఆ తర్వాతే ప్రపంచంలో ఇంజనీర్లందరూ కింది నుంచి ఎత్తే నీళ్లను లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టిన్రు. అందుకే తర్వాత కట్టిన పెద్ద డ్యాముల లోపల సొరంగం లాంటి దారులు పెట్టిన్రు. వాటిని గ్యాలరీలు అంటారు. గ్యాలరీలో నేలకు బొక్కలు వేస్తారు. కింద చేరిన నీళ్లు ఆ బొక్కల నుంచి బయటికి వచ్చేస్తే డ్యామును ఎత్తే బలం తగ్గుతుంది. సాగర్ డ్యాము లోపల కూడా గ్యాలరీలున్నాయి.

సున్నం ఎందుకు కరుగుతుంది?

పాత డ్యాముల్లో సిమెంటుకు బదులు సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి వాడేవాళ్లు. ఇటుకపొడిని సుర్కీ అంటారు. కేరళ కొండల్లో ఉన్న ముల్లపెరియార్ డ్యామును 1887 నుంచి 1895 దాకా అట్లాగే కట్టిన్రు. ఇప్పుడు దానికి 125 ఏళ్లు దాటినయి.

నీళ్లు రాళ్ల సందుల్లో నుంచి ఊరుతూ పోయేటప్పుడు కొంచెం కొంచెం సున్నాన్ని కరిగించి తీసుకుపోతాయి. ఆ నీళ్లు బయటికొచ్చి గాలి తగలగానే తెల్లటి చార అవుతుంది. ల్యాబులో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలాగా తెల్లగా అయింది గుర్తుందా? అదే ఇక్కడ గోడ మీద జరుగుతుంది. డ్యాము వెనక గోడ మీద తెల్ల చారలు కనపడితే లోపలి నుంచి సున్నం బయటికి వస్తున్నట్టు లెక్క. ఒక్క చార కనపడితే భయం లేదు. ఏడాదికేడాది చారలు పెరుగుతుంటే లోపల గుల్ల అవుతుందేమో అని చూడాలె.

ముల్లపెరియార్‌కు 1979 తర్వాత బలం చేసే పనులు మొదలుపెట్టిన్రు. పైన కాంక్రీటు వేసి బరువు పెంచిన్రు. పై నుంచి బొక్కలు వేసి ఉక్కు తీగలను డ్యాము లోపల నుంచి పునాది రాతిలోకి దింపి బిగించిన్రు. వెనకాల కాంక్రీటు ఆసరా కట్టిన్రు. ఇంతకుముందు చెప్పిన సంగతి ఇక్కడ కలిపి చూడండి. మూడు పనులూ డ్యామును కింద గట్టిగా కూర్చోబెట్టడానికే.

పరీక్ష ఏ వరుసలో చేస్తారు?

డ్యామును ఏడాదికి రెండుసార్లన్నా తప్పకుండా చూడాలె. వానలు పడకముందు ఒకసారి, వానలు అయిపోయినాక ఒకసారి. పెద్ద వరదొచ్చినా, భూమి అదిరినా మళ్లీ చూడాలె. పెద్ద డ్యాములకు ఇది 2021లో చేసిన డ్యాము భద్రత చట్టంలో కూడా ఉంది.

తాత చెప్పిన వరుస ఇది.

1. ముందు పాత రిజిస్టరు చదవాలె. పోయినసారి ఎక్కడ పగులుంది, ఎక్కడ తడి ఉంది, ఎంత నీళ్లు కారినయి అని తెలియకుండా పోతే చూసినా లాభం లేదు. "డ్యామును చూసే ముందు కాగితం చూడు" అని తాత అన్నడు.

2. డ్యాము పైన నడవాలె. ఒక చివర నిలబడి ఒక కన్ను మూసి పిట్టగోడ వెంబడి చూస్తారు. ప్రేయరులో మనల్ని లైనులో నిలబెట్టి పీఈటీ సారు ఒక కొస నుంచి చూస్తారు కదా, అట్లా. ఎక్కడన్నా లైను వంగితే డ్యాము కదిలిందేమో అని అనుమానం. కంటితో చూసింది చాలదు కాబట్టి సర్వే మిషన్లతో మిల్లీమీటర్ల దాకా కొలుస్తారు. కొన్ని డ్యాముల లోపల పై నుంచి కింది దాకా తీగకు గుండు కట్టి వేలాడదీస్తారు. మేస్త్రీలు గోడ నిటారుగా ఉందా అని చూసే గుండు దారమే, కాకపోతే చాలా పొడుగు. నీళ్లు నిండితే డ్యాము ఒకింత ముందుకు, నీళ్లు తగ్గితే ఒకింత వెనక్కు పోతుంది. అది మామూలే. పోయింది వెనక్కు రాకపోతేనే కష్టం.

3. నీళ్ల వైపు గోడ. దీన్ని ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పడవలో పోయి చూస్తారు. రాయికి రాయికి మధ్య పూత ఊడిందా, రాయి కదిలిందా, పగులుందా అని చూస్తారు. నీళ్లు లోపలికి దూరే తలుపు ఇదే. ఇక్కడ మూస్తేనే నీళ్లు ఆగుతాయి. వెనక వైపు ఎంత పూసినా నీళ్లు లోపలే నిల్వ ఉంటాయి. నీళ్లు దిగని లోతులో అయితే గజ ఈతగాళ్లనో, కెమెరా ఉన్న చిన్న మిషన్లనో దింపుతారు.

4. వెనక వైపు గోడ. తడి మరకలు, నాచు, తెల్ల చారలు, మొక్కలు. రావి, మర్రి, జువ్వి మొలిస్తే చిన్నప్పుడే తీసెయ్యాలె. పాత గుడి గోడల మీద మర్రి వేళ్లు రాళ్లను ఎట్లా విడదీస్తాయో మీరు చూసే ఉంటారు. చిన్న సుత్తితో రాళ్లను తట్టి వింటారు కూడా. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల ఖాళీ ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. కుండ కొనేటప్పుడు అమ్మ వేలితో కొట్టి చూడదా, అట్లాగే.

5. గ్యాలరీ లోపల. లోపల చీకటి, చెమ్మ, కాలు జారుతుంది. లైటు పట్టుకొని ఇద్దరు ముగ్గురు కలిసి పోతారు. ఒక్కరు పోవద్దు. ప్రతి బొక్కకూ నంబరు ఉంటుంది. ఏ నంబరు నుంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయో రాసుకుంటారు. ఇక్కడ ఒక వింత ఉంది. ఒక బొక్క నుంచి ఎప్పుడూ నీళ్లు వచ్చి, ఈసారి రాలేదనుకోండి. మనం సంతోషపడతాం. కాని తాత ఏమన్నడంటే "అది బాగైంది అనుకోవద్దు. సున్నం పేరుకొని బొక్క మూసుకుందేమో చూడు." బొక్క మూసుకుంటే నీళ్లు ఎటూ పోలేక కింద నుంచి డ్యామును ఎత్తుతాయి. అప్పుడు బొక్కను మళ్లీ పొడిచి శుభ్రం చెయ్యాలె.

6. డ్యాము పాదం, రెండు ఒడ్లు. డ్యాము కొండకు ఆనుకునే చోట కొత్త ఊటలు పుట్టినయా అని చూస్తారు. గేట్ల నుంచి దూకే నీళ్లు కింద నేలను తవ్వేస్తాయి. 2009 అక్టోబరులో కృష్ణకు ఎప్పుడూ రానంత వరద వచ్చింది. శ్రీశైలం డ్యాముకు కట్టేటప్పుడు వేసిన లెక్క కంటే ఎక్కువ నీళ్లు వచ్చినయి. ఆ వరద తర్వాత సాగర్ డ్యాములో నీళ్లు దూకే స్పిల్‌వే భాగంలో గుంతలు పడితే రిపేర్లు చెయ్యవలసి వచ్చింది. అందుకే వరద పోయినాక పాదాన్ని చూడకుండా ఉండొద్దు.

7. గేట్లు. సాగర్‌కు 26 పెద్ద గేట్లున్నాయి. తుప్పు, తాళ్లు, గొలుసులు, నీళ్లు కారకుండా పెట్టే రబ్బర్లు, మోటార్లు, కరెంటు పోతే నడిపే జనరేటరు అన్నీ చూడాలె. గేటును ఎత్తి దించి చూడాలె, నూనె, గ్రీజు పెట్టినం అంటే చాలదు.

రాయి మంచిదే, గొలుసు తెగింది

గేట్ల గురించి ఇంకొంచెం చెప్పాలె. తుంగభద్ర డ్యాము కూడా రాతి కట్టడమే. 1953లో దాని నుంచి నీళ్లు వదలడం మొదలైంది. దానికి 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యాము నిండుగా ఉంది. గోడకు ఏమీ కాలేదు. కాని గేటు లేని సందులో నుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. కింద ఉన్న ఊళ్లకు జాగ్రత్త చెప్పిన్రు. కన్నయ్యనాయుడు గారు అనే గేట్ల నిపుణుణ్ని పిలిపించిన్రు. ఒక వారం కష్టపడి, పారే నీళ్లలోనే ఇనుప పలకలను ఒకదాని మీద ఒకటి దింపి సందు మూసిన్రు. అప్పటికి రైతులు దాచుకున్న నీళ్లు చానా పోయినయి.

70 ఏళ్ల గోడ నిలబడింది, ఒక్క గొలుసు నిలబడలేదు. డ్యాము అంటే గోడ ఒక్కటే కాదని దీంతో మనకు తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చూడాలె. వచ్చే వరద అంతా గేట్ల నుంచి పోగలదా? పోలేకపోతే నీళ్లు డ్యాము పై నుంచి పొర్లుతాయి. పూణె దగ్గర ఖడక్‌వాస్లా అనే రాతి డ్యాము ఉంది. 1961 జులై 12న దానికి పైన ఉన్న పాన్‌షేత్ మట్టి డ్యాము తెగి ఆ నీళ్లన్నీ దీని మీద పడినయి. 80 ఏళ్లుగా నిలబడ్డ రాతి డ్యాము పై నుంచి నీళ్లు పొర్లి అదే రోజు తెగింది. పూణె నగరం మునిగింది. ఖడక్‌వాస్లాను తర్వాత మళ్లీ కట్టుకున్నారు. కాబట్టి ఒక డ్యామును పరీక్ష చెయ్యాలంటే దానికి పైన ఏముందో కూడా తెలుసుకోవాలె.

కారే నీళ్లను ఏమని అడగాలె?

రాతి డ్యాము అన్నాక నీళ్లు కొంచెం కారుతాయి. కారడం తప్పు కాదు. కారే తీరు మారడమే తప్పు. అందుకని కారే నీళ్లను నాలుగు ప్రశ్నలు అడగాలని తాత నల్లబల్ల మీద రాసిండు.

ఎంత? ఎక్కడి నుంచి? ఏ రంగు? పైన నీళ్లు ఎంత ఎత్తు ఉన్నప్పుడు?

నాలుగోది చానా ముఖ్యం. డ్యాము నిండినప్పుడు ఎక్కువ కారడం, తగ్గినప్పుడు తక్కువ కారడం మామూలు. పైన నీళ్లు తగ్గినా కారుడు పెరిగిందంటే దారి పెద్దదయిందన్నట్టు. రంగు కూడా అంతే. తేటగా వస్తే నీళ్లు ఒక్కటే వస్తున్నయి. మురికిగా వస్తే నీళ్లతో పాటు లోపలి మట్టి కూడా వస్తుంది. అంటే లోపల ఏదో తగ్గుతుంది.

కొలవడానికి పెద్ద డ్యాముల్లో కాలువకు అడ్డంగా ఒక రేకు పెడతారు. దానికి 'వి' అక్షరం లాగా కోత ఉంటుంది. ఆ కోతలో నీళ్లు ఎంత ఎత్తు పారుతున్నాయో స్కేలుతో చూసి, ఎన్ని లీటర్లో పట్టికలో తెలుసుకుంటారు. చిన్న చోట బకెటు, గడియారం చాలు.

మా పెంట కాడ మేము కొలిచింది

మాది చెంచు పెంట. పెంటకు పైన వాగు మీద రాళ్లు, సిమెంటుతో కట్టిన చెక్‌డ్యాము ఉంది. నేను పుట్టకముందే కట్టిన్రు. పెద్ద డ్యాములకు చట్టం ఉంది, ఇంజనీర్లుంటారు, రిజిస్టరు ఉంటుంది. ఇట్లాంటి చిన్న వాటిని ఏడాదికి రెండుసార్లు చూడాలని ఆ చట్టంలో లేదు. కాని దాని కింద 14 గుడిసెలున్నాయి. వాగు పక్కన నాలుగు మరీ దగ్గర. అందులో ఒకటి మాది.

మా నాయనకు చదువు రాదు. కాని పోయినేడే "ఈసారి కారుడు ఎక్కువైంది" అని నాయన అన్నడు. ఒక ఆఫీసుకు పోయి చెప్తే "ఎంత ఎక్కువైంది?" అని అడిగిన్రట. నాయన చేతులతో చూపించిండు. అది వాళ్లు రాసుకోలేదు.

తాత చెప్పిన నాలుగు ప్రశ్నలు నా నోటుబుక్కులో ఉన్నాయి కదా. దసరా సెలవుల్లో నేను, మా తమ్ముడు, నాయన పోయి కొలిచినం. కారే చోట కింద చిన్న తూము లాగా రేకు ముక్క పెట్టి 10 లీటర్ల బకెటు పట్టినం. సెల్‌ఫోను గడియారంతో సెకండ్లు లెక్కపెట్టినం. సంక్రాంతి సెలవుల్లో అదే బకెటుతో, అదే చోట మళ్లీ కొలిచినం.

దసరాకు: చెక్‌డ్యాము నిండా నీళ్లు. బకెటు నిండడానికి 62 సెకండ్లు. నీళ్లు తేట.

సంక్రాంతికి: నీళ్లు ఒక మూరెడు కిందికి దిగినయి. బకెటు నిండడానికి 41 సెకండ్లు. నీళ్లు మసక. సీసాలో పట్టి పొద్దుటిదాకా ఉంచితే అడుగున అర వేలు మందం మట్టి పేరింది.

లెక్క వేస్తే దసరాకు నిమిషానికి దగ్గర దగ్గర 9.7 లీటర్లు. సంక్రాంతికి 14.6 లీటర్లు. నీళ్లు తగ్గినా కారుడు ఒకటిన్నర రెట్లు అయింది. నాయన చేతులతో చూపించింది నిజమే.

ఇవన్నీ పెట్టి దరఖాస్తు రాసినం. పెంట పెద్దమనుషులు వేలిముద్రలు వేసిన్రు, నేను సంతకం చేసిన. ఆఫీసులో తీసుకున్నరు. ఈసారి "ఎంత?" అని అడగలేదు, కాగితంలోనే ఉంది కాబట్టి. ఎండాకాలం లోపల మనిషిని పంపుతం అన్నరు. ఈ పత్రిక రాసే రోజుకు ఇంకా ఎవరూ రాలేదు. నాయన రోజూ పొద్దున పోయి నీళ్ల రంగు చూసి వస్తున్నడు. మసక ఎక్కువైతే వాగు పక్కన నాలుగు ఇండ్లోళ్లం గట్టు మీదికి పోవాలని పెంటలో మాట్లాడుకున్నరు. వానలు పడకముందే మూడోసారి కొలిచి మళ్లీ దరఖాస్తు రాస్తం.

మీరు ఏం చెయ్యవచ్చు?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి చెక్‌డ్యామునో, చెరువు తూమునో, పాత ఆనకట్టనో పెద్దోళ్లను తోడు తీసుకొని చూడండి. ఇవి రాసుకోండి.

తేదీ. పైన నీళ్ల ఎత్తు (ఒక రాయి మీద రంగుతో గీత గీస్తే మంచిది). కారే చోటు. బకెటు నిండడానికి ఎన్ని సెకండ్లు. నీళ్ల రంగు. కొత్త పగులుంటే దాని రెండు కొసలకూ రంగు గీత, పక్కన తేదీ. పగులు ఆ గీత దాటితే పెరిగిందన్నట్టు. గోడ మీద మొలిచిన చెట్లు.

మళ్లీ సెలవులకు పోయినప్పుడు అదే చోట, అదే బకెటుతో కొలవండి. ఒక్కసారి కొలిస్తే అది ఒక అంకె మాత్రమే. రెండుసార్లు కొలిస్తే అది సాక్ష్యం.

జాగ్రత్తలు: ఒంటరిగా పోవద్దు. వరద పారేటప్పుడు పోవద్దు. గోడ ఎక్కొద్దు. మొక్క పెరిగి చెట్టయితే మీరే పీకొద్దు, వేరుతో పాటు రాయి కూడా ఊడొచ్చు, పెద్దోళ్లకు చెప్పండి. పెద్ద డ్యాముల కింద సైరన్ మోగితే వల అక్కడే వదిలేసి ఒడ్డుకు రావాలని మీ ఇంట్లోవాళ్లకు చెప్పండి. వల మళ్లీ అల్లుకోవచ్చు.

చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని పెద్దలు అంటారు. మన తాతలు ఎన్నో గోడలకు రాళ్లు మోసిన్రు. ఆ గోడలు ఎట్లున్నాయో చూసి రాసిపెట్టడం మనకు వచ్చిన చదువుతో అయ్యే పని. మీరు కొలిచింది ఒక కాగితం మీద రాసి లైబ్రరీ టీచరుకు ఇవ్వండి. వచ్చే నెల గోడ పత్రికలో అందరి లెక్కలూ ఒకే పట్టికగా రాస్తాం. ఏ ఊరిది మారుతుందో అందరం చూద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని